రెండు డబ్బాల మాటలు

2023 మే 14, ఆదివారం

మొన్న శుక్రవారం పొద్దున ఏమీ జరగలేదు. అందుకే రాసిపెట్టుకుంటున్న.

ఫజర్ నమాజు చదివి జానమాజ్ మడుస్తుంటే నల్లా కూత పెట్టింది. నీళ్ళకంటే ముందు గాలి వస్తది, ఆ చప్పుడు. రెండు బిందెలు, ఒక బకెట్ నింపిన. అమ్మీని లేపి, వీపు వెనక దిండు పెట్టి, ఆయాసానికి పీల్చే మందు పట్టించిన. చాయ్‌ల రస్కు నానబెట్టిస్తే సగం తిని సగం పిచ్చుకలకు వెయ్యమన్నది. గీ ఎండలకు పిచ్చుకలు రావట్లేదు. వేసిన అని చెప్పి నేనే తిన్న.

తర్వాత మిషన్ మీద కూర్చున్న. జూన్‌ల బడులు తెరుస్తరు, యూనిఫాంలు ఇంకా ముప్పై జతలు కుట్టాలె. చెల్లె అతియా తల ఆరబెట్టుకుంటూ గడప మీద కూర్చుంది, మొఖం వీధి వైపు. నా పక్కన స్టూలు మీద రెండు డబ్బాలు. బిస్కెట్ డబ్బా మగ మాటలకు. అమ్మీ పాత పాన్‌దాన్ ఆడ మాటలకు. డాక్టర్ పాన్ బంద్ చేయించినప్పటి నుంచి అది ఖాళీగ ఉండె.

అతియా ఫోన్ల హైదరాబాద్ మేడం దగ్గర స్పానిష్ నేర్చుకుంటున్నది. స్పానిష్‌ల ప్రతి వస్తువు మగదో ఆడదో అయి ఉంటదట. మగదానికి ముందట ఎల్, ఆడదానికి ముందట లా. అతియా పాత పెండ్లి పత్రికలు కత్తిరించి నాలుగు వందల చీటీలు చేసుకుంది. చీటీ మీద మాట, దాని అర్థం, అంతే. మగదా ఆడదా అని రాసుకోలేదు. రాస్తే కండ్లు దొంగతనం చేస్తయట. ఏ డబ్బాల ఉన్నదో అదే జవాబు. నేను ఒక చేత్తో బట్ట పట్టుకొని ఒక చేత్తో చీటీ తీస్త.

"వెంతానా. కిటికీ."

"లా వెంతానా."

"మానో. చెయ్యి."

"ఎల్... కాదు, లా మానో. జర ఆగు ఆపా, నేనే చెప్పిన గదా."

"చెప్పినవు."

కిటికీ, మా ఉర్దూల ఖిడ్కీ, మాకూ ఆడదే. చెయ్యి మాకు మగది, వాళ్ళకు ఆడది. మేజ్, అంటే బల్ల, ఇక్కడా ఆడదే అక్కడా ఆడదే, పేరు కూడ మేసానే. ఇట్ల దారం కలిసిన చోట మేమిద్దరం నవ్వుకుంటం. ఆ పొద్దున మూడుసార్లు నవ్వినం.

పదకొండుకు తమ్ముడు మెహమూద్ వచ్చి అచ్చంపేట సంబంధం సంగతి చెప్పిండు.

మే 15

ఇంట్లో మా మాట ఉర్దూ. ఈ నోట్‌బుక్ తెలుగుల రాస్త. అమ్మీకి తెలుగు చదవరాదు, మెహమూద్ భార్య ఖమర్‌కు రాదు. అతియాకు వస్తది గాని ఆమె నా వస్తువులు తెరవదు.

మెహమూద్ మాట ఇది. హైదరాబాద్ కంపెనీ వాళ్ళు జూన్ పదిన పరీక్ష పెడుతున్నరు. స్పానిష్ దేశాల బిల్లులు, ఉత్తరాలు చూసే పని. అతియా పాసైతే పోవచ్చు, హాస్టల్‌ల ఉండొచ్చు, తను అడ్డం రాడు. పాస్ కాకపోతే అచ్చంపేట ఆతిఫ్‌కు మాట ఇస్తం, బక్రీద్ ముందరే. ఆతిఫ్‌కు ఇనుప సామాన్ల దుకాణం. భార్య పోయి రెండేండ్లు. ఇద్దరు ఆడపిల్లలు.

"ఒక్కసారే భాయ్?" అన్నది అతియా.

"ఒక్కసారే. సంవత్సరాలు సంవత్సరాలు ఎవరు ఆగుతరు?"

"సరే."

అంత తొందరగ సరే అంటదనుకోలేదు. ముప్పై నాలుగేండ్లు దానికి. కొల్లాపూర్‌ల నాలుగేండ్ల కాపురం చేసి, ఖులా, అంటే విడాకులు, తీసుకొని ఇంటికొచ్చి రెండేండ్లు. కొల్లాపూర్ సంగతి ఇక్కడ కూడ రాయ.

మే 17

పక్కింటి సావిత్రమ్మ జాకెట్టు కొలతకు వచ్చి గంట కూర్చుంది. మగ్గం బంద్ చేసినప్పటి నుంచి ఆమెకు పొద్దు పోదు. మా చీటీల పని చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"కుర్చీ ఆడిదా? ఎవలు జూసిండ్రే?"

"వాళ్ళకు గట్లనే సావిత్రమ్మత్తా," అన్నది అతియా.

"మరి చెప్పు?"

"మగది."

"గట్లనా! నా మొగుని చెప్పు పోయిన దసరాకు పోయింది, ఇప్పటిదాక దొరకలే. మగది గదా, ఎవల్తోనో పోయుంటది."

అతియా గడప మీద ఒరిగి నవ్వింది.

"మాకాడ గింత కష్టం లేదు బిడ్డా. మొగోడైతే వచ్చిండు. మిగిలిందంతా వచ్చింది. కోడలు వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది. నేనూ బర్రె ఒక్కటే లెక్క."

ఆమె పోయినాక కూడ అతియా నవ్వుతనే ఉన్నది. కొల్లాపూర్ నుంచి వచ్చినంక అంతసేపు నవ్వుడు ఇదే మొదటిసారి.

మే 21

నాకు వస్తున్నయి. ఎవరికీ చెప్పలేదు. మాట మొత్తం చదవకముందే, చివరి అక్షరం కనబడితే చాలు, ఎల్‌నో లానో నాలిక మీదికి వస్తున్నది. చివర ఓ ఉంటే మగది, ఆ ఉంటే ఆడది, చానా వరకు. మిగిలినవి కష్టం. వాటికి ముఖం చూసి గుర్తుపట్టుడే.

నేను తొమ్మిదో తరగతిల బాగ చదివేదాన్ని. పదిల చేరిన నెలకు అబ్బా పోయిండు. అతియా అప్పటికి పుట్టలేదు, అమ్మీ కడుపుల ఉండె.

ఇది రాయడానికి కాదు కూర్చున్నది. అమ్మీకి ఆయాసం ఎక్కువైంది. రెండుసార్లు మందు పట్టించిన.

మే 24

ఎనిమిది జతలు. నడుం నొప్పి.

మే 27

మధ్యాహ్నం అతియా మెహమూద్ దుకాణంల కంప్యూటర్ మీద బిల్లులు కొట్టడానికి పోయింది. నేను వాకిట్ల బట్టలు తీస్తున్న. లోపల దబ్బున చప్పుడు. అమ్మీ పాత అలవాటున చెయ్యి చాపి పాన్‌దాన్ గుంజింది. అది పోయి బిస్కెట్ డబ్బాకు తగిలింది. నాలుగు వందల చీటీలు నేల మీద.

"ఒక్క వక్క ముక్క ఉంటదేమో అనుకున్న బేటా."

"లేదు అమ్మీ."

"ఇవన్నీ ఏంది?"

"అతియా చదువు."

అసర్ నమాజు దాక కూర్చొని మొత్తం సర్దిన, ఇవి ఇక్కడ, అవి అక్కడ. మగ, ఆడ అని రాసుకున్న అతియా నోట్‌బుక్ నేను చూడలేదు. చూసే పని లేదనిపించింది. నాకు వస్తయి గదా. అతియా వచ్చేసరికి రెండు డబ్బాలు మూత పెట్టి ఉన్నయి. పడ్డ సంగతి చెప్తే అమ్మీ మీద కోపం తెచ్చుకుంటదని చెప్పలేదు.

ఎంత తృప్తిగ ఉండెనో. అల్లా క్షమించాలె, నమాజుల కూడ అదే యాదికి వచ్చింది.

మే 30

అతియా స్నానానికి పోతే దాని నోట్‌బుక్ తెరిచిన. ఎందుకు తెరిచిననో తెలియదు. పేజీలు తిప్పితే పాలు కనబడ్డది. లా అని ఉన్నది.

నేను పాలను బిస్కెట్ డబ్బాల వేసిన. మాకు దూద్ మగది గదా. ఉర్దూ చెవితోని సర్దిన నేను, స్పానిష్ చెవి అనుకొని. పేజీలు వేగంగ తిప్పిన. ఉప్పు వాళ్ళకు ఆడది. నెత్తురు ఆడది. పువ్వు ఆడది. మాంసం ఆడది. అన్నీ మగ డబ్బాల ఉన్నయి. ఇంకెన్ని ఉన్నయో, నల్లా బంద్ అయిన చప్పుడు వినబడి మూసేసిన.

అసర్ అయినంక చెప్త.

మే 31

అమ్మీకి బాగలేకుండె. దవాఖానకు తీసుకపోయినం. చెప్పే తీరిక కాలేదు.

జూన్ 1

మెహమూద్ వచ్చిండు. "ఆపా, నీ దువాలల్ల బలం ఉన్నది. అచ్చంపేట గురించి ఇస్తిఖారా చెయ్యి. అల్లా నీకు మంచో చెడో చూపిస్తడు. నువ్వు చెప్పిందే మాకు మాట."

ఇంట్ల ఏ పెద్ద పనికైనా ఈ నమాజు నేనే చదువుత. చిన్న తమ్ముడు అమీర్ దుబాయి పోయినప్పుడు చదివిన. మెహమూద్ దుకాణం రోడ్డు మీదికి మార్చినప్పుడు చదివిన. అతియాకు కొల్లాపూర్ సంబంధం వచ్చినప్పుడు కూడ చదివిన. మనసు నిమ్మలంగున్నదని అప్పుడు చెప్పింది నేనే.

జూన్ 2

ఇస్తిఖారా చదివిన. ఏమీ కనబడలేదని మెహమూద్‌కు చెప్పిన. అది నిజమే. ఎందుకు కనబడలేదో ఆయన అడగలేదు.

"చెడు కనబడలే గదా. అంటే మంచే," అన్నడు.

జూన్ 3

మిషన్ మీద ఉన్న. అతియా గడప మీద. నా చెయ్యి బిస్కెట్ డబ్బాలకు పోయింది. తీసిన చీటీ అదే.

"లెచే. పాలు."

"లా లెచే."

నేను ఇంకో చీటీ తియ్యలేదు. మిషన్ ఆపలేదు. అతియా మొఖం తిప్పింది.

"తప్పా ఆపా? నాకు లా అనే యాదున్నది."

"నేను ఇందుల్నుంచి తీసిన," అని బిస్కెట్ డబ్బా చూపించిన.

డబ్బా దిక్కు చూసింది. "నా బుర్రల ఉర్దూ, తెలుగు, ఇంగ్లీష్ అన్నీ కిచిడీ అయినయి. నువ్వు పట్టుకున్నవంటే అంతే. ఎల్ లెచే, ఎల్ లెచే, ఎల్ లెచే."

నేను అబద్ధం చెప్పలేదు. ఎందుల్నుంచి తీసిననో అదే చెప్పిన.

జూన్ 4

నాలుగు జతలు.

జూన్ 6

ఆలోచించిన. పరీక్ష నాలుగు దినాలున్నది. ఇప్పుడు తప్పు అని చెప్తే మిగిలినవన్నీ కూడ అనుమానమైతయి. ఉన్నది కూడ పోతది. పది మాటలు తప్పైతే ఏమైతది, వందలు వందలు వస్తున్నయి దానికి. వదిలేసుడే మంచిది. దాని మంచికే.

అచ్చంపేట దూరం కాదు. బస్సెక్కితే గంట, గంటంబావు. ప్రతి జుమాకు వచ్చి పోవచ్చు. హైదరాబాద్ హాస్టల్‌ల ఎవరు చూస్తరు దాన్ని, జ్వరమొస్తే?

అమ్మీ బరువు పెరిగింది. నేనొక్కదాన్నే లేపితే నడుం పట్టేస్తున్నది. అతియా కాళ్ళు పడితే నేను భుజాలు పడుత.

పై రెండు మాటలకు ఒకదానితోని ఒకదానికి సంబంధం లేదు.

జూన్ 8

సావిత్రమ్మ జాకెట్టు తీసుకపోయింది. చేతులు బిగువైనయట. "నీ మనసు యాడున్నదే జబీనా" అన్నది. ఎప్పుడూ నా కొలత తప్పలేదు.

జూన్ 10, శనివారం

రోజా ఉపాసం ఉన్న. పొద్దున ఐదున్నర బస్సుకు మెహమూద్, అతియా పోయిండ్రు. అతియా నా చెయ్యి తన బురఖా మీద పెట్టుకొని "దువా చెయ్యి ఆపా" అన్నది. చేసిన. ఏమని చేసిననో అల్లాకు తెలుసు, నాకు తెలియదు.

పొద్దుగూకె మగ్రిబ్ నమాజు ముందర వచ్చిండ్రు. అతియా మొఖం వెలుగుతున్నది. నా ఇఫ్తారుకని ఖర్జూరాలు తెచ్చింది.

"ఆపా, రాసుడుల ఏం వచ్చిందో చెప్పు?"

"నాకెట్ల తెలుస్తది?"

"మీ వంటిల్లు, మీ ఇంటి వంట గురించి రాయమన్నడు. రెండు పేజీలు రాసిన. కుండలు, పొయ్యి, ఉప్పు, పాలు, నువ్వు వండే మాంసం ఖుర్మా, అమ్మీ పిచ్చుకలు, అన్నీ. నేను రాసింది చదివితే వాళ్ళకు ఆకలైతది."

ఖర్జూరం నోట్లె పెట్టుకున్న. గింజ ఉమ్మి, అమ్మీకి మందు పట్టించను లేచిన.

జూన్ 13

బడులు తెరిచిండ్రు. నేను కుట్టిన యూనిఫాంలు వీధి నిండ పోతున్నయి.

జూన్ 16

జుమా. ఏమీ లేదు.

జూన్ 19, సోమవారం

పాస్ కావాలంటే అరవై రావాలె. యాభై ఏడు వచ్చినయి.

ఫోన్ల దిద్దిన కాగితం కూడ పంపిండ్రు. అతియా నేల మీద కూర్చొని వేలితో పెద్దగ చేసి చూసింది. వంటింటి వ్యాసంల ఎర్ర గీతలు. ఉప్పు కాడ గీత. పాల కాడ మూడు గీతలు, మూడుసార్లు రాసింది గనక. మాంసం కాడ రెండు. లేచి పోయి నోట్‌బుక్ తెచ్చుకుంది. నోట్‌బుక్ చూసింది. పోయి బిస్కెట్ డబ్బా తెచ్చి ఒళ్ళె పెట్టుకొని ఒక్కొక్క చీటీ తీసింది. నేను గుండీలు కుడుతున్న. గుండీ మీద గుండీ కుట్టిన.

"ఆపా. ఈ డబ్బాలు ఎవరన్న కదిపిండ్రా?"

"ఒకదినం అమ్మీ చెయ్యి తగిలి పడ్డయి."

"అమ్మీనా."

"పాన్‌దాన్ అనుకొని గుంజింది."

అతియా అమ్మీ దిక్కు చూసింది. అమ్మీ నిద్రల ఉన్నది. చీటీలు డబ్బాల వేసి, మూత పెట్టి, అల్మారా మీద పెట్టింది.

మెహమూద్ వచ్చి అడిగితే, "నేనే సరిగ చదవలేదు భాయ్" అన్నది. అమ్మీ పేరు ఎత్తలేదు. నేను ఆ గదిలనే ఉన్న.

జూన్ 20

మెహమూద్ అచ్చంపేటకు ఫోన్ చేసిండు. శుక్రవారం జుమా తర్వాత వస్తరు. అదే దినం దువా చేసి మాట ఖాయం చేసుకుంటరు.

రెండు నెలలకొకసారి పరీక్ష ఉంటదట, ఎన్నిసార్లయినా రాయొచ్చట. కంపెనీకి అభ్యంతరం లేదు. మా ఇంటి మాటే ఒక్కసారి.

జూన్ 21

అమ్మీ అడిగింది, "అతియా నాతోని మాట్లాడతలేదేంది?"

ఏం లేదు అమ్మీ, బడలిక, అన్న.

జూన్ 22

అతియా ఇల్లంత తుడిచింది. ఎల్, లా అనుడు లేదు, కుర్చీని కుర్చీ అంటున్నది, తలుపును తలుపు అంటున్నది. కొల్లాపూర్ నుంచి వచ్చిన కొత్తల గిట్లనే ఉండె. అడిగినదానికి జవాబు, అంతే.

జానమాజ్ మీద కూర్చున్న గాని సజ్దాల నుదురు పెట్టబుద్ధి కాలేదు. యాభై ఏండ్లల్ల మొదటిసారి.

జూన్ 23, శుక్రవారం

ఎట్ల జరిగిందో అట్ల రాస్త.

మూడింటికి వచ్చిండ్రు. ఆతిఫ్, వాళ్ళ అమ్మ, పెద్దక్క. ఆతిఫ్ నెమ్మదైన మనిషి. అమ్మీ మంచం కాడికి పోయి వంగి సలాం చేసిండు. పిల్లల ఫోటో చూపించిండు. చిన్నదానికి ముందటి పండ్లు రెండు లేవు. ఖమర్ షర్బత్ ఇచ్చింది. వాళ్ళ అమ్మ అతియాను పక్కన కూర్చోబెట్టుకొని తల నిమిరింది.

"బేటీ, నీ ఇష్టంతోనే గదా? మేము బలవంతం చేసేటోళ్ళం కాదు. నీ నోటితోని వినాలె."

అతియా తల ఎత్తింది. "మా ఆపా ఏది చెప్తే అది. నన్ను పెంచింది ఆమె. నా చెడు ఎప్పుడూ కోరదు."

అందరు నా దిక్కు చూసిండ్రు. మెహమూద్ అప్పటికే దువాకు చేతులు పైకి లేపుతున్నడు.

"ఆగు మెహమూద్," అన్న. "డబ్బాలు పడ్డది అమ్మీ చేత. సర్దింది నేను, తప్పు సర్దిన. మూడు దినాలకే నాకు తెలిసింది. పరీక్షకు పదకొండు దినాలు ముందర. చెప్పలేదు. పాల మాట తప్పా అని ఇది అడిగితే అవునన్నట్టు డబ్బా చూపించిన. ఇది పాస్ కాకపోతే దగ్గర్నే ఉంటదనుకున్న. అమ్మీని నేనొక్కదాన్నే లేపలేకపోతున్న. అదీ సంగతి."

ఆతిఫ్ వాళ్ళమ్మకు, అక్కకు సగం అర్థం కాలేదు, డబ్బాలేంది, పాలేంది అని. ఆతిఫే అర్థం చేసుకున్నడు. గ్లాసు కింద పెట్టిండు.

"అట్లయితే ఇయ్యాల దువా వద్దు మెహమూద్ భాయ్. ఆమె మనసు వేరే దిక్కున్నదని మాకు ముందు చెప్పలేదు మీరు." అమ్మీకి మళ్ళ సలాం చేసి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకొని లేపిండు. పోయేటప్పుడు నాకు కూడ సలాం చేసిండు. అది తట్టుకోలేకపోయిన.

అసర్ తర్వాత అందరం అమ్మీ మంచం చుట్టూ కూర్చున్నం. మెహమూద్ నిలబడ్డడు.

"నువ్వు మాకు తల్లి లెక్క ఆపా. నువ్వు గిట్ల జేస్తే మేము ఎవరి మొఖం చూడాలె? ఇస్తిఖారా కూడ నీతోనే చేయించిన!"

"పది మాటలకు గింత పంచాయితీనా," అన్నది ఖమర్. "దుబాయిల అమీర్‌కు గిట్ల చెప్తే నవ్వుతడు."

"నువ్వు ఉండు."

"నేనెందుకుంట? అమ్మీని ఆపా ఒక్కతే చూడాలెనని ఎవరు రాసిచ్చిండ్రు? మన ఇల్లు రెండు గల్లీల అవతలనే గదా. మనం ఒక్కనాడన్న లేపినమా?"

మెహమూద్ కూర్చున్నడు.

అమ్మీ ఊపిరి కూడగట్టుకొని మాట్లాడింది. "పిల్ల ఫెయిలైతే అనే గదా నువ్వు మాట పెట్టింది. పిల్ల ఫెయిల్ కాలేదు. ఫెయిల్ చేయించినం. ఆ మాట ఇగ నిలవదు." తర్వాత అతియా చెయ్యి వెతికింది. "నన్ను అనుకున్నవా బేటా, నాలుగు దినాల నుంచి?" అతియా అప్పుడు ఏడ్చింది. నా దిక్కు చూడలేదు.

మగ్రిబ్ అజాన్ లోపల అనుకున్నవి ఇవి. అచ్చంపేటకు రేపు మెహమూద్ తనే పోయి మాఫీ అడిగి వస్తడు. అతియా ఆగస్టుల పరీక్ష మళ్ళ రాస్తది, కాకపోతే అక్టోబర్ల, ఎన్నిసార్లని లెక్క లేదు. అప్పటిదాక హైదరాబాద్‌ల పాఠాలు చెప్పే మేడం ఇంటి పైన గది ఉన్నది, అక్కడ ఉండి చదువుకుంటది. అమ్మీ నెలల పదిహేను దినాలు మెహమూద్ ఇంట్ల, పదిహేను దినాలు నా దగ్గర. ఇది ఖమర్ చెప్పింది, మెహమూద్ ఒప్పుకున్నడు. ఇంట్ల ఇస్తిఖారా ఇకమీద నాతోని చేయించరు. అది ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పిన, ఎవరూ కాదనలేదు.

ఆదివారం పొద్దున ఐదున్నర బస్సుకు అతియా పోతది. బస్టాండు దాక మెహమూద్ దింపుతడు. నేను కూడ వస్త అంటే, "వద్దు ఆపా" అన్నది.